గిర్మాజీపేటలో మా తాతగారి ఇల్లు ఆరేళ్లుగా తాళంతో ఉంది: దాన్ని మళ్లీ మనుషులుండే ఇల్లుగా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: గిర్మాజీపేట ఆడబిడ్డ

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఉంటున్న ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. వరంగల్ గిర్మాజీపేటలో మా తాత కట్టి, మా నాన్న పెంచిన ఇల్లు ఒకటి ఉంది. 2019లో నాన్న పోయిన దగ్గరి నుంచి దానికి తాళమే. ముందు భాగం గూనపెంకుల భవంతి. మట్టిగోడలు, టేకు దూలాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, ఒక మూలన చేదబావి. వెనుక భాగంలో 1994లో నాన్న వేయించిన స్లాబు కింద రెండు అర్రలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్నాయి. అన్నయ్య హైదరాబాద్‌లో, చెల్లెలు అమెరికాలోని డాలస్‌లో స్థిరపడ్డారు. ముగ్గురి మధ్య గొడవలేమీ లేవు, అయినా "ఉండనియ్, తర్వాత చూద్దాం" అన్న ఒక్క మాట మీదే ఆరేళ్లు గడిచిపోయాయి. నెలకొకసారి వెళ్లి ఊడ్చి, దీపం పెట్టి, మళ్లీ తాళం వేసి వస్తున్నాను. ఈ వానకాలం తర్వాత వెళ్లేసరికి పడమటి అర్రలో గోడ పైవరస జారి, నాన్న పడుకునే మంచం మీద మట్టి కుప్పగా పడి ఉంది. ఆ రోజు చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

మా సందులో ఇరవై రెండు ఇళ్లుంటే ఏడింటికి తాళాలే ఉన్నాయి. అన్నింటిదీ ఒకటే కథ: పెద్దలు పోయారు, పిల్లలు హైదరాబాద్‌లోనో, మస్కట్‌లోనో, అమెరికాలోనో ఉన్నారు. మరోపక్క మా పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే ఆమె కుటుంబంలో ఆరుగురు శివనగర్‌లో ఒకే అర్రలో ఉంటున్నారు. పెళ్లయిన కొడుకు, కోడలు వంట చేసే మూలకు చీర అడ్డం కట్టుకుని పడుకుంటారు. గీసుగొండ దగ్గరి టెక్స్‌టైల్ పార్కులో పని దొరికిన ఒక జంట మా వీధుల్లో కిరాయి ఇంటి కోసం రెండు ఆదివారాలు తిరగడం నేను కళ్లారా చూశాను. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి "ఇది ఇస్తారా అమ్మా" అని వాళ్లు నన్నే అడిగారు. నా చేతిలో తాళంచెవి ఉంది, చెప్పడానికి మాట మాత్రం లేదు.

మా ఇంటిని కిరాయికి ఇవ్వాలంటే ముందుగా ఏం చేయాలో తెలిసినవారు చెప్పండి. ఇంటిపన్ను రసీదు ఇప్పటికీ తాత పేరుతోనే వస్తోంది, అదేమైనా అడ్డమవుతుందా? దానికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒకే నగరంలో ఇన్ని ఖాళీ ఇళ్లు, ఇంతమంది ఇల్లు దొరకనివాళ్లు పక్కపక్కనే ఎందుకు ఉన్నారు, దీన్ని మార్చడానికి మన నగరం చేయగలిగిన పని ఏదైనా ఉందా?


సమాధానం: పురపాలక రెవెన్యూ విశ్రాంత ఉద్యోగి

అమ్మా, ఇంటిపన్ను వసూలు కోసం ముప్పై ఏళ్లు గుమ్మం గుమ్మం ఎక్కి దిగిన మనిషిగా మీ రెండో ప్రశ్నకు నాకు తోచింది చెబుతాను.

2011 జనగణనలో దేశం మొత్తం మీద సుమారు 2.47 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది, వాటిలో దాదాపు 1.11 కోట్లు పట్టణాల్లోనే ఉన్నాయి. దాని మరుసటి ఏడాది కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత 1.88 కోట్లని లెక్కగట్టింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, ఖాళీ ఇళ్లలో జనాన్ని నింపితే సగానికి పైగా కొరత తీరిపోతుందని చెప్పేవారున్నారు. ఆ లెక్క అంత సూటిగా లేదు. జనగణనలో ‘ఇల్లు’ అంటే నివాసమే కానక్కరలేదు, విడిగా వాకిలి ఉన్న దుకాణం, గోదాము కూడా అందులోకి వస్తాయి. అటు కొరతలో 1.5 కోట్ల దాకా అసలు ఇల్లే లేనివారిది కాదు. మీరు చెప్పిన వంట చేసే ఆమె ఇంటిలాగా, పెళ్లయిన జంటకు విడిగా గది లేని ఇరుకు కుటుంబాలది. ఆ కొరతలో 95 శాతం పైచిలుకు పేద, అల్పాదాయ వర్గాలదేనని కూడా ఆ బృందమే చెప్పింది. హంటర్ రోడ్డులో పెట్టుబడి కోసం కొని తాళం వేసిన మూడు పడకగదుల ఫ్లాటు తెరిచినంత మాత్రాన శివనగర్‌లోని ఆ కుటుంబానికి ఒరిగేది లేదు. మీ గిర్మాజీపేట ఇల్లు తెరిస్తే ఒరుగుతుంది. అందుకే పాత వరంగల్ తాళాలు నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తాయి.

ఆ తాళాలు చాలా వరకు వారసుల తాళాలు. పెట్టుబడిదారు తాళానికి కారణం ధర పెరుగుతుందన్న ఆశ అయితే, వారసుల తాళానికి కారణం భయం, దూరం, ఎవరూ ముందుకు రాకపోవడం. ఈ తేడా గుర్తించకుండా చేసే ఏ ఏర్పాటూ పనిచేయదని నా నమ్మకం. కెనడాలోని వాంకూవర్ నగరం 2017 నుంచి ఖాళీ ఇళ్ల మీద ప్రత్యేక పన్ను వేస్తోంది. మొదట ఇంటి విలువలో 1 శాతంగా ఉన్న ఆ పన్నును తర్వాత 3 శాతానికి పెంచారు. అది ఆశతో వేసిన తాళాల మీద పనిచేసే మందు. మన దగ్గర పరిస్థితి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఇల్లు ఖాళీగా ఉందని దరఖాస్తు పెట్టుకుంటే ఆస్తిపన్నులో ఉపశమనం ఇచ్చే పద్ధతి పురపాలక చట్టాల్లో చాలాకాలంగా ఉంది. కిరాయిదారు ఖాళీ చేసి వెళ్లాక మళ్లీ ఇంకొకరు వచ్చేదాకా యజమాని నష్టపోకూడదన్నది దాని ఉద్దేశం, అందులో తప్పు లేదు. ఏడాది దాటిన తర్వాత కూడా ఆ ఉపశమనం కొనసాగవలసిన అవసరం మాత్రం నాకు కనిపించదు.

భయంతో వేసిన తాళానికి పన్ను మందు కాదు. అక్కడ జపాన్‌ను చూడాలి. 2023 సర్వే ప్రకారం ఆ దేశంలో 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి, అంటే మొత్తం ఇళ్లలో 13.8 శాతం. అక్కడ చాలా పట్టణాల స్థానిక సంస్థలే ఖాళీ ఇళ్ల జాబితా నడుపుతూ, ఇవ్వదలచిన యజమానినీ కావలసిన కుటుంబాన్నీ కలుపుతున్నాయి. మన నగరంలో అలాంటి జాబితా తయారు చేయడానికి కొత్తగా సర్వే కూడా అక్కరలేదు. ఏడాది పొడుగునా మీటరు కదలని ఇళ్లు ఏవో విద్యుత్ సంస్థకు తెలుసు. ఉత్తర తెలంగాణ మొత్తానికి కరెంటు ఇచ్చే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హన్మకొండలోనే ఉంది. పన్ను బకాయిల పుస్తకం నగరపాలక సంస్థ దగ్గర ఉంది. ఈ రెండింటినీ ఒక బల్ల మీద పెట్టి, ఆ యజమానులకు మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే చాలు. బెదిరింపు నోటీసు అని కాదు, ఉత్తరం అనే అంటున్నాను.


సమాధానం: హన్మకొండ న్యాయవాది

టీచర్ గారూ, పన్ను రసీదు తాత గారి పేరుతోనే వస్తోందన్న మాట మీ ప్రశ్నలో చివరన వచ్చింది, నాకు మాత్రం అదే మొదటి విషయం. తాత గారు ఎప్పుడు చనిపోయారు, వీలునామా ఏదైనా రాశారా, మీ నాన్నగారికి తోబుట్టువులు ఉన్నారా అన్నది ముందు తేల్చుకోండి. ఆ ఇల్లు తాత గారి స్వార్జితమై ఉండి, ఆయన 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా కూతుళ్లకూ వాటా వచ్చింది. అలాంటప్పుడు ఇల్లు మీ ముగ్గురిదే కాదు, మీ మేనత్తలదీ, వాళ్లు లేకుంటే వాళ్ల పిల్లలదీ అవుతుంది. ఈ సంగతి చూసుకోకుండా ముగ్గురే సంతకాలు చేసి కిరాయికి ఇచ్చిన ఒక ఇంట్లో, రెండేళ్ల తర్వాత మేనత్త కొడుకు వచ్చి కిరాయిదారునే నిలదీసిన వ్యవహారం నా దగ్గరికి వచ్చింది. ఏ తప్పూ లేని ఆ కిరాయిదారు కుటుంబం అర్ధాంతరంగా సామాను సర్దుకోవలసి వచ్చింది.

కిరాయికి ఇవ్వడానికి ఇల్లు పంచుకోవలసిన పని లేదు. ఈ ఒక్క అపోహ వల్ల తాళాలు పడిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాటాలు అలాగే ఉంచుకుని, వాటాదారులందరూ ఒకరికి అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ఇస్తే సరిపోతుంది. ఇల్లు అమ్మే అధికారం అందులో పెట్టవద్దు. కిరాయికి ఇవ్వడం, మరమ్మతు చేయించడం, కిరాయి వసూలు చేయడం, అవసరమైతే ఖాళీ చేయించడం అని మాత్రమే రాయించండి. అధికారం ఇంత పరిమితంగా ఉంటే హైదరాబాద్‌లోని అన్నయ్య గారికీ నిశ్చింతగా ఉంటుంది. మీ చెల్లెలు అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేసి ధ్రువీకరణ చేయించి పంపవచ్చు. ఆ పత్రం మన దేశానికి చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, ఇది చాలామంది మరచిపోయే విషయం. ఆమె విదేశీ నివాసి కనుక ఆమె వాటా కిరాయి ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి (విదేశాల్లో ఉండేవారి ఇక్కడి ఆదాయం జమయ్యే బ్యాంకు ఖాతా) వెళ్లాలి, దాని మీద ఆదాయపు పన్ను మినహాయించి కట్టే బాధ్యత చెల్లించేవారి మీద ఉంటుంది. ఒక సాధారణ కిరాయిదారు నెత్తిన ఈ భారం పెట్టకుండా ముందే ఆడిటర్‌తో మాట్లాడి ఏర్పాటు చేసుకోండి. కిరాయి ఆదాయంలో, కట్టిన ఇంటిపన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల కింద చట్టమే మినహాయిస్తుంది.

ఇక భయం గురించి. "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుంది" అని మన దగ్గర ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. 1963 నాటి కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్న మాట నిజమే, కానీ అది యజమాని హక్కును కాదని, బాహాటంగా ఆక్రమించుకుని ఉన్నవాడి విషయంలో మాట. మీ అనుమతితో, కిరాయి పత్రం మీద వచ్చిన మనిషి ముప్పై ఏళ్లున్నా కిరాయిదారే. కిరాయిదారుగా ఇంట్లో అడుగుపెట్టినవాడు, ఆ ఇంట్లో ఉన్నంత కాలం, ఇల్లు ఇచ్చినవారికి మొదట్లో హక్కే లేదని వాదించడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది, దాని స్థానంలో 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. నిజానికి ఎవరూ లేని ఇంటికే ఆక్రమణ ముప్పు ఎక్కువ. పత్రం లేకుండా నోటిమాట మీద ఇచ్చినప్పుడు మాత్రం కష్టాలు వస్తాయి. రిజిస్ట్రేషన్ అక్కరలేదని పదకొండు నెలలకు రాసుకోవడం వాడుకలో ఉంది, కానీ మన రాష్ట్రంలో ఎంత గడువు లీజైనా రిజిస్టర్ చేయించాలి. కిరాయి బ్యాంకు ఖాతా ద్వారానే తీసుకోండి, గోడలు, కరెంటు మీటరు, తలుపుల ఫొటోలు పత్రానికి జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. నెలవారీ కిరాయిదారుకు, పత్రంలో వేరేగా రాసుకోకపోతే, పదిహేను రోజుల నోటీసు చాలునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది.

నోటీసు ఇచ్చినా కదలకపోతే కోర్టుకు వెళ్లాలి, అక్కడ సమయం పడుతుంది. ఈ మాట దాచిపెట్టి మిమ్మల్ని ధైర్యపరచడం నాకు ఇష్టం లేదు. మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయిలకు వర్తించదు కనుక మీ వ్యవహారం సివిల్ కోర్టుకే వెళ్తుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇలాంటి తగాదాలకు విడిగా అద్దె అథారిటీ, అద్దె కోర్టు ఉండాలని, నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించరాదని, గడువు ముగిసినా ఖాళీ చేయనివారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతలు చెల్లించాలని ఉంది. ఖాళీ ఇళ్లను మార్కెట్‌లోకి తేవడమే దాని ఉద్దేశాల్లో ఒకటి.

చివరగా ఒక విషయం. ఆ 1960 చట్టంలోనే మూడో సెక్షన్ ఒకటి ఉంది. ఇల్లు ఖాళీ అయిన పది రోజుల్లోగా యజమాని ఆ సంగతిని అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి, ప్రభుత్వానికి కావలసి వస్తే ఆ ఇంటిని తన ఉద్యోగికి కేటాయించవచ్చు అని అందులో రాశారు. నా వృత్తి జీవితంలో అలాంటి నోటీసు ఇచ్చిన యజమానిని నేను ఒక్కరినీ చూడలేదు. అయినా ఖాళీ ఇల్లు కేవలం యజమాని సొంత విషయం కాదన్న ఆలోచన మన చట్టానికి అరవై ఐదేళ్ల కిందటే ఉందని ఆ సెక్షన్ చదివినప్పుడల్లా అనిపిస్తుంది.


సమాధానం: పాత ఇళ్ల మరమ్మతు చేసే సివిల్ ఇంజినీరు

అక్కా, కాగితాల పని జరిగేలోగా ఇల్లు నిలబడాలి కదా, అందుకని ముందు గోడ సంగతి మాట్లాడుకుందాం. కప్పు కారే ఇంట్లో మట్టిగోడ పై నుంచి కూలుతుంది. మన దగ్గర దీనికి మొదటి కారణం కోతులు. కోతుల గుంపు కప్పు మీద నడిస్తే గూనపెంకులు నాలుగు వేళ్లు జరుగుతాయి, ఆ సందులోంచి వాననీరు గోడ తలమీద పడుతుంది, తల నానిన గోడ వరస వరసగా జారిపోతుంది. మనుషులున్న ఇంట్లో మొదటి చుక్క పడిన రోజే ఎవరో నిచ్చెన వేసుకుని పెంకు సర్దుతారు. తాళం వేసిన ఇంట్లో ఆ చుక్క నాలుగు వానకాలాలు పడుతూనే ఉంటుంది. మీరు నెలకొకసారి వెళ్తున్నా, వాన కురిసే వేళ లోపల ఉండి చూడకపోతే అది కంటికి ఆనదు. వచ్చే వానకాలం లోపు పెంకులు దించి, పగిలినవి తీసేసి, కింద వాసాలు చూసి, తిరిగి పరిపించడం ఒక్కటీ చేస్తే మిగతా పని నిదానంగా చేసుకోవచ్చు.

దయచేసి ఆ మట్టిగోడలకు సిమెంటు గిలాబా చేయించకండి. చూడటానికి గట్టిగా కనిపిస్తుంది గాని, నేలలోంచి గోడలోకి ఎక్కిన తేమకు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. రెండు మూడేళ్లలో లోపల మట్టి మెత్తబడి, సిమెంటు పొర పలకలు పలకలుగా ఊడి, దానితోపాటు మట్టినీ లాక్కుని పడుతుంది. పాటిమట్టితో గోడ కట్టి, పైన సున్నం గార చేసిన మన పెద్దల పద్ధతినే కొనసాగించాలి. జారిన వరసలో పడిన మట్టిని పారేయవద్దు, తడిపి తొక్కి కొంచెం గడ్డి కలిపితే అదే మట్టి తిరిగి గోడకు పనికొస్తుంది. టేకు దూలాలను సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే భయం లేదు, డొల్లగా మోగితే చెదలు లోపల తింటున్నట్టు. దూలం చివర గోడలో దూరే చోటే చెదలు ముందు పడతాయి.

నా సలహా ఏమిటంటే, భవంతి, వెనుక భాగం రెండూ ఒకేసారి బాగుచేయాలని పెట్టుకోకండి. ఇంటికి పెద్ద మొత్తం ఖర్చు అవుతుందని వినగానే "తర్వాత చూద్దాం" అన్న మాట మళ్లీ మొదటికి వస్తుంది. వెనుక స్లాబు అర్రలకు కొత్త వైరింగు, కుళాయిలు, మరుగుదొడ్డి గుంత శుభ్రం, సున్నాలు, ఒక కొత్త తలుపు అయితే చాలు, కుటుంబం దిగవచ్చు. వెనుక సందులోకి విడిగా దర్వాజ ఉందా? ఉంటే భవంతి పని ఏడాది సాగినా వాళ్లకు ఇబ్బంది ఉండదు, పైగా ఇంట్లో ఒక దీపం వెలుగుతూ ఉంటే కోతుల సంగతీ, పెంకుల సంగతీ మీకు ఫోను చేసి చెప్పే మనిషి ఉంటారు.

డబ్బు గురించి ఒక మాట. ఐర్లాండులో స్థానిక సంస్థలు ఖాళీ ఇంటి మరమ్మతుకు ముందుగా తామే ఖర్చు పెట్టి, కనీసం అయిదేళ్లకు ఇంటిని లీజుకు తీసుకుని, ఇల్లు లేని కుటుంబాలను అందులో ఉంచి, పెట్టిన ఖర్చును యజమానికి ఇవ్వాల్సిన కిరాయిలోంచి కోసుకుంటాయి. మన నగరపాలక సంస్థ పాత వరంగల్‌లో పది ఇళ్లతో ఇలాంటి ప్రయోగం చేసినా, సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలకు చేతినిండా పని దొరుకుతుంది, వాళ్ల వెంట నేర్చుకునే కుర్రవాళ్లూ తయారవుతారు. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద కొత్త ఇల్లు కట్టుకునేవారికి నాలుగు విడతల్లో 5 లక్షల రూపాయలు వస్తున్నాయి, అది అవసరమే, మంచిదే. ఉన్న ఇంటిని నిలబెట్టేవారికి అందులో కొంత భాగమైనా అప్పుగా దొరికే ఏర్పాటు ఉంటే ఎన్నో గోడలు నిలబడతాయి.


సమాధానం: రాత్రి డ్యూటీ నర్సు

టీచర్ గారూ, మీ సందులో ఇల్లు కోసం తిరిగిన జంట లాంటి మనిషిని నేను. మాది ఏటూరునాగారం వైపు పల్లె. వరంగల్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ, తమ్ముణ్ని చదివించుకుంటూ, నాలుగు నెలలు ఇల్లు వెతికాను. పైన అందరూ యజమానుల భయాల గురించి రాశారు, అవి నిజమైనవే. అడిగేవాళ్ల వైపు నుంచి కూడా కొంచెం చెప్పాలనిపించింది.

బోర్డు చూసి వెళ్తాం, ఇల్లు చూపిస్తారు, కిరాయి చెబుతారు, మంచినీళ్లు కూడా ఇస్తారు. ఆ తర్వాత "మీరేమిట్లు?" అని అడుగుతారు. చెప్పగానే "మొన్ననే ఒకళ్లకు మాట ఇచ్చేశాం" అంటారు. మళ్లీ వారం అటుగా వెళ్తే బోర్డు అలాగే ఉంటుంది. నాతో పనిచేసే ముస్లిం అమ్మాయికి ఇదే అనుభవం, ఆమెకు ఇల్లు చూపించడం దాకా కూడా రాలేదు. కులం మాట రాని చోట "ఆడపిల్ల రాత్రుళ్లు బయటికి పోతదా" అన్న మాట వస్తుంది. నేను రాత్రి పూట బయటికి పోయేది వాళ్లింటి పెద్దవాళ్ల లాంటి రోగులకు సెలైన్ పెట్టడానికే. చివరికి మూడు నెలల అడ్వాన్సు కట్టి, భీమారం దాటి ఒక అర్రలో దిగాను. డ్యూటీ నుంచి తెల్లవారుజామున తిరిగి రావడానికి ఆటో దొరకదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మీ సందులోని ఏడు తాళాలూ తెరుచుకున్నా, అవి మళ్లీ తెలిసినవాళ్లకూ, సొంత కులం వాళ్లకే తెరుచుకుంటే, నిజంగా ఇల్లు దొరకనివాళ్లకు దొరకదు. పెద్దాయన చెప్పిన జాబితా నగరపాలక సంస్థ నడిపితే, ఆ జాబితాలో ఇల్లు పెట్టినవారు ఈ ప్రశ్న అడగకూడదన్న షరతు మొదటి రోజే ఉండాలి. ఉద్యోగం ఏమిటి, ఎంతమంది ఉంటారు, ముందు ఉన్న ఇంటివారి ఫోన్ నంబరు ఏది అని అడగండి, అన్నీ చెబుతాం. నా వరకు నేను కోరేది చాలా తక్కువ: లోపలి నుంచి గడియ పడే తలుపు, నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, పత్రం మీద రాసిన కిరాయి. గోడలు మట్టివైనా నాకు అభ్యంతరం లేదు, మా ఊళ్లో మా ఇల్లూ మట్టిదే, చూరు కింద పెంకు జరిగితే సర్దడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.


సమాధానం: గోదావరిఖని కార్మికుని కొడుకు

వరంగల్ వారసుల ఇళ్ల గురించి మాట్లాడుతున్నారు కనుక, మా వైపు ఖాళీ ఇళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. రామగుండంలో ఎరువుల కర్మాగారం 1999లో మూతపడ్డాక, ఒకప్పుడు పిల్లల కేకలతో నిండిన క్వార్టర్ల వరసలు ఏళ్ల తరబడి తుమ్మచెట్లలో మునిగిపోయాయి. 2021లో కొత్త సంస్థగా ఉత్పత్తి మొదలయ్యేనాటికి ఇరవై ఏళ్లు దాటిపోయాయి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు ఆ సంఖ్య సగం కన్నా తక్కువ. గనులు మూతపడిన బెల్లంపల్లిలాంటి చోట్ల క్వార్టర్లు తలుపులూ కిటికీలూ పోయి మొండిగోడలుగా మిగలడం నేను చూశాను. వీటికి వారసుల తగాదా లేదు, అమెరికా నుంచి రావలసిన సంతకమూ లేదు. యజమాని ఒక్కటే సంస్థ.

2020 జూలైలో కేంద్రం తెచ్చిన అద్దె గృహ సముదాయాల పథకంలో, ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా ఉన్న పట్టణ ఇళ్లను బాగుచేసి, వలస కార్మికులకు కిరాయికి ఇచ్చే పద్ధతి ఒకటి పెట్టారు. బాగుచేసినవారు 25 ఏళ్లు నడిపి తిరిగి స్థానిక సంస్థకు అప్పగించాలి. సూరత్, చండీగఢ్‌లలో అలా ఇళ్లు కిరాయికి ఇచ్చారు. మా బొగ్గు పట్టణాల్లో కాంట్రాక్టు కార్మికులు ఒక్కో రేకుల గదిలో అయిదారుగురు సర్దుకుంటున్నారు. పాడుబడిన క్వార్టర్లను పూర్తిగా శిథిలం కాకముందే ఆ పద్ధతిలో కిరాయి ఇళ్లుగా మార్చాలని మేము అడుగుతున్నాం. ఇంజినీరు గారు చెప్పిన కోతుల సంగతి ఇక్కడా అంతే, కాకపోతే మాకు కోతుల కంటే ముందు ఇనుప సామాను దొంగలు వస్తారు.


ప్రశ్న అడిగిన వారి జవాబు: గిర్మాజీపేట ఆడబిడ్డ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈలోగా కొంత పని జరిగింది.

న్యాయవాది గారు అడిగిన ప్రశ్న నా గుండెల్లో రాయి వేసింది. తాత 1978లో పోయారు, వీలునామా లేదు, ఇల్లు ఆయన సంపాదనతో కట్టిందే. నాన్నకు ఒక అక్క ఉన్నారు, పరకాలలో ఉంటారు, ఎనభై దాటాయి. ఆమెకు ఆ ఇంట్లో వాటా ఉందన్న ఆలోచన మా ముగ్గురిలో ఎవరికీ ఏనాడూ రాలేదు. అన్నయ్యకు ఫోను చేసి చెబితే కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "పోదాం పా, నేనూ వస్త" అన్నాడు. ఇద్దరం కలిసి పరకాలకు వెళ్లాం. అత్తమ్మ మేము చెప్పిందంతా విని, కిరాయి డబ్బులో వాటా తనకు వద్దన్నారు. న్యాయవాది గారి మాట గుర్తుంచుకుని, వద్దన్నా ఆమె పేరు పత్రంలో ఉండాలని మేమే పట్టుబట్టాం. ఆమె అడిగింది ఒక్కటే, బావి పూడ్చవద్దని. తన పెళ్లినాడు ఆ బావి నీళ్లతోనే మంగళస్నానం చేయించారట.

అధికార పత్రం ముసాయిదా చెల్లెలికి పంపాము. వెనుక భాగానికి విడిగా దర్వాజ ఉంది ఇంజినీరు గారూ, 1994లో నాన్న ఎందుకో పెట్టించారు, ఇన్నేళ్లూ లోపలి నుంచి గడియ వేసే ఉంది, మొన్న నూనె పోసి తెరిచాము. ఇంట్లోని నాలుగు దూలాలను తట్టి చూశాను. మూడు ఖంగుమన్నాయి, పడమటి అర్రలో గోడ జారిన వైపు దూలం చివర మాత్రం డొల్లగా మోగింది. ఆ ఒక్క దూలాన్ని మొత్తం మార్చాలా, లేక చెడిన చివర కోసి అతుకు వేసి కింద నిట్టాడు నిలిపితే సరిపోతుందా?

నర్సమ్మ గారూ, మీ జవాబును అన్నయ్యకు చదివి వినిపించాను. మా ఇంట్లో కూడా ఆ ప్రశ్న అడిగేవాళ్లమే, అడగలేదని అబద్ధం చెప్పను. ఇకమీదట అడగం. వెనుక అర్రలు సంక్రాంతి నాటికి సిద్ధమవుతాయని మేస్త్రీ చెబుతున్నాడు. మా పాఠశాలలో వండే ఆమె కొడుకు, కోడలికి ముందు మాట ఇచ్చాను. భవంతిలో తూర్పు అర్రలు రెండూ గట్టిగానే ఉన్నాయి, అవి వేసవిలో పెంకులు పరిచాక తయారవుతాయి. అక్కడి నుంచి పెద్దాసుపత్రులకు నడిచి వెళ్లే దూరమే. మీకు అనుకూలమనిపిస్తే ఇక్కడే ఒక మాట రాయండి, ఏదైనా ఆదివారం పగటిపూట వచ్చి తలుపు గడియ మీరే చూసుకోవచ్చు.